రాని డబ్బు మీద కోత

మేస్త్రీలు మా ఆఫీసుకు వస్తే చెప్పులు మెట్ల దగ్గరే విడిచేవారు. "ఇది గుడి కాదయ్యా, వేసుకునే రండి" అని ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు. లోపలికి వచ్చి, జేబులోంచి పన్ను నోటీసు కవరు తీసి టేబుల్ మీద పెట్టి, వేలితో నా వైపు నెట్టి, చేయి చప్పున వెనక్కి తీసుకునేవారు. మూడంతస్తుల ఎత్తున కర్రల మీద నిలబడి సెంట్రింగ్ కొట్టే మనుషులు వాళ్లు. పడిపోతామన్న భయం వాళ్లకు లేదు. కవరంటేనే భయం.

సిద్దిపేటలో ఒక హార్డ్‌వేర్ దుకాణం పైగదిలో నా పని జీవితమంతా గడిచింది. పన్నుల లెక్కలు రాయడం, రిటర్నులు వేయడం, నోటీసులకు జవాబులివ్వడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చిన్న సబ్ కాంట్రాక్టర్లు. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్ పనులు పట్టే మేస్త్రీలు. ఇప్పుడు ఆ గది ఖాళీ చేశాను. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వచ్చి, "మేడం, ఏ సెక్షన్లు బాగా చదవాలి?" అని అడుగుతుంటారు. సెక్షన్లు కంప్యూటరే చెబుతుంది నాయనా. అది చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి రాస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను, నేను పిరికిదాన్ని. గడువు తేదీ దగ్గరపడితే అన్నం సయించేది కాదు. వేసిన రిటర్ను పడిందో లేదో అని పడుకున్నదాన్ని లేచి మళ్లీ చూసుకునేదాన్ని. మా ఆయన "నీ పన్ను కాదు గదనే" అని నవ్వేవాడు. నాది కాదు కాబట్టే భయం. నా తప్పుకు ఇంకొకరి ఇల్లు కూలుతుంది. ఈ పనిలో ఉండి భయం లేదనేవాళ్లను నేను నమ్మను.

కోసిందీ కట్టిందీ

నాకు పని నేర్పింది మా సారు. పాతకాలపు సేల్స్ టాక్స్ ప్రాక్టీషనర్, ముక్కు మీద కోపం. నేను చేరిన కొత్తలో ఒక మేస్త్రీ బిల్లు ముందు పెట్టి అడిగారు.

"ఇండ్ల ఏం కనవడ్తుంది బిడ్డా?"

"టాక్స్ ఒక శాతం పోయింది సార్."

"పోలే. కోసిన్రు. కోసిన పైసలు సర్కారుకు ముట్టినయా, కాంట్రాక్టరు గల్లపెట్టెలనే ఉన్నయా? గది చూడకుండ పోయింది అనకు."

ఈ తేడా తెలిస్తే సగం పని వచ్చినట్టే. పెద్ద కాంట్రాక్టరు మేస్త్రీ బిల్లులో ఒక శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. కడితే అది మేస్త్రీ పాన్ నంబరు మీద కనబడుతుంది. రిటర్ను వేస్తే చాలామందికి తిరిగొస్తుంది కూడా. పాన్ లేకపోతే ఇరవై శాతం కోస్తారు. పాన్ ఉన్నా ఆధార్‌తో కలపకపోతే లేనట్టే లెక్క. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, పాన్‌లో ఇంకో తీరు ఉండి కలవనివాళ్లు మా దగ్గర కోకొల్లలు.

సారు దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉండేది. పాత ఫీజు ఇవ్వనివాడు కొత్త కవరు తెస్తే, రెండు మూడు రోజులు దాన్ని విప్పకుండా టేబుల్ మీద అలాగే ఉంచేవారు. "భయం జెర పండనీ, పైసలు అవే వస్తయ్" అనేవారు. నిజంగానే వచ్చేవి. పని విషయంలో ఆయనంతటి గురువు దొరకడు, కాని ఆ అలవాటు మాత్రం నేను నేర్చుకోలేదు. మీరూ నేర్చుకోకండి. భయపెట్టి ఫీజు తీసుకునేవాళ్లు ఇప్పుడు ఊరికి పదిమంది తయారయ్యారు.

ఇక ఆలస్యం సంగతి. పెద్ద కాంట్రాక్టరుకు పైనుంచి బిల్లు పాసు కావాలి, అప్పుడు మేస్త్రీకి ఇస్తాడు. అది ఎప్పుడన్నది దేవుడికే తెలియాలి. కింద కూలీలకు మాత్రం ఆదివారం బట్వాడా ఆగదు. వారం కూలి పంచేది ఆ రోజే. పొద్దున్నే మేస్త్రీ ఇంటి ముందు ఆడామగా వచ్చి కూర్చుంటారు. ఒకామె పిల్లకు జ్వరం, ఇంకొకరింట్లో బియ్యం లేవు. పైనుంచి రాలేదంటే వినేవాళ్లెవరు? మేస్త్రీ మిత్తికి అప్పు తెచ్చి పంచుతాడు. ఆలస్యానికి చట్టం లేదా అంటే ఉంది. నేను చాలామందికి చెప్పాను కూడా. అందరిదీ ఒకటే జవాబు: "కేసేస్తే మల్ల పనిస్తడా మేడం?"

ఇందులో ఇంకో మెలిక ఉంది. కాంట్రాక్టరు "ఈ మేస్త్రీకి ఇంత ఇవ్వాలి" అని తన లెక్కల్లో రాసుకున్న రోజే కోత పడుతుంది. డబ్బు మేస్త్రీ చేతికి ఎప్పుడొచ్చినా సరే, కోత మాత్రం ముందే. సర్కారు కంప్యూటర్‌లో అది ఆ రోజు నుంచే మేస్త్రీ సంపాదన. ఈ మెలికలో ఒక మనిషి ఎలా నలిగిపోయాడో చెబుతాను.

కనకయ్య పేరు

కనకయ్యది నంగునూరు దగ్గర ఒక పల్లె. సెంట్రింగ్ మేస్త్రీ. మాట తక్కువ, పని గట్టి. కూలిగా మొదలై, మేస్త్రీ అయ్యి, స్లాబుల మీద సంపాదించిన డబ్బుతో ఊళ్లో రెండెకరాలు కొన్నాడు. వాళ్ల వంశంలో సొంత పొలం ఉన్నవాడు అతనే మొదలు. భార్య లచ్చవ్వ అందులో పత్తి వేసేది.

సిద్దిపేట బయట ఒక ఇళ్ల కాలనీ కడుతుంటే అక్కడ సెంట్రింగ్ పని కనకయ్యకు వచ్చింది. రాడ్ బెండింగ్ యాదగిరిది, ప్లాస్టరింగ్ దావీదుది. ఎవరి పని వారిది, ఎవరి కూలీలు వారికి. అయితే యాదగిరికీ దావీదుకూ పాన్ ఆధార్‌తో కలవలేదు. కలిపించుకుందామంటే పేరు సరిచేయించాలి, అందుకు నాలుగు ఆఫీసులు తిరగాలి, తిరిగిన రోజు కూలి పోతుంది. ఈలోపు ఇరవై శాతం కోస్తే వాళ్లకు మిగిలేది ఏమీ లేదు.

"బిల్లులన్నీ నీ పేరు మీద ఎత్తుదాం కనకన్నా" అన్నాడట యాదగిరి. "పడంగనే మాది మాకియ్యి."

కనకయ్య సరేనన్నాడు. మా దిక్కు ఇది కొత్త కాదు. సెంట్రింగ్ ప్లేట్లు అడిగితే ఇచ్చినట్టే పేరూ ఇస్తారు. దానికి కమీషన్ తీసుకోరు. తీసుకుంటే పరువు తక్కువ. రాసుకోరు కూడా. "రాసుకుందామా" అని అడిగితే నమ్మలేదని అర్థం, ఆ తర్వాత ఒకరి ఇంటి పెళ్లికి ఇంకొకరు పోరు. అలా మూడు పనుల బిల్లులూ కనకయ్య ఖాతాలో పడ్డాయి. బ్యాంకులో తీసి, ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో కూర్చుని ముగ్గురూ పంచుకునేవారు. నిక్కచ్చిగా పంచాడు. ఆ సంగతి ఎవరూ కాదనలేదు.

కాని సర్కారు కంప్యూటర్‌కు చాయ్ హోటల్ కనబడదు. దానికి కనబడింది కనకయ్య ఒక్కడే. జీఎస్టీ అక్కర్లేని చిన్న మేస్త్రీకి ఉన్న హద్దు దాటి పెద్ద పని చేసినవాడిలా కనబడ్డాడు.

ఇంట్లో పడుకోని మనిషి

నా దగ్గరికి మొదట వచ్చింది లచ్చవ్వ. కొంగులో చుట్టిన కవరు తీసి టేబుల్ మీద పెట్టింది.

"మేడం, మా ఆయన ఇంట్ల పంటలేడు."

"మరి యాడ పంటుండు?"

"సైటు మీద, సిమెంటు బస్తాల రూముల. పోలీసోళ్లు ఇంటికొస్తరని ఒకాయన చెప్పిండట. ఫోనెత్తడు. అన్నం పట్కపోతే రెండు ముద్దలు తిని గోడ దిక్కు చూస్తడు." ఆమె గొంతు తగ్గించింది. "పత్తికి కొట్టే మందు డబ్బా మా అవ్వగారింట్ల పెట్టొచ్చిన మేడం. ఇంట్ల ఉంచాల్నంటే గుబులైతుంది."

మా దిక్కు ఆ మాటకు వివరణ అక్కర్లేదు. ప్రతి ఊళ్లోనూ ఆ మందు తాగి పోయినవాడి ఇల్లు ఒకటి ఉంటుంది.

కవరు విప్పాను. ఇంత పని చేసి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఎందుకు తీసుకోలేదు, ఈ మొత్తం మీద పద్దెనిమిది శాతం పన్ను, దాని మీద వడ్డీ, జరిమానా ఎందుకు వేయకూడదో చెప్పు అని ఉంది. కింద వేసిన అంకెలో సున్నాలు నేనే రెండుసార్లు లెక్కపెట్టాను. కాంట్రాక్టరు వేసిన వివరాలు తీసి చూస్తే, ఆ మొత్తంలో చివరి బిల్లు కూడా ఉంది. ఆ బిల్లు ఇంకా అతని చేతికే రాలేదు.

లచ్చవ్వకు చెప్పాను. ఆమె నన్ను తప్పుపడుతున్నట్టు చూసింది. "రాని పైసలకు గూడ పన్నా మేడం?"

అప్పుడు అసలు సంగతి బయటపెట్టింది. కవరు రాగానే కనకయ్య పట్నంలో ఒక ఏజెంటు దగ్గరికి పోయాడు. ఆ పెద్దమనిషి కవరు చూసి, "కట్టకుంటే జైలే" అని, ముందు తన ఫీజు తీసుకున్నాడు. కనకయ్య అటునుంచి అటే ఊరికి పోయి రెండెకరాలూ బేరం పెట్టాడు. భయంతో అమ్మేవాడికి ధర ఎక్కడొస్తుంది? ఊళ్లో ఎరువుల దుకాణం ఆయన కొంటానని బయానా ఇచ్చాడు. ఆ బయానా ఏజెంటు ఫీజుకు కొంత, ఆగిపోయిన బట్వాడాకు కొంత, అప్పటికే అయిపోయింది.

మర్నాడు కనకయ్యను తీసుకొచ్చింది. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది.

"నన్నెప్పుడు పట్కపోతరు మేడం?" అదే అతని మొదటి మాట.

"ఎవలు పట్కపోరు. ఇది ప్రశ్న అడిగే కాయితం. జవాబు చెప్పాలె, అంతే."

నమ్మలేదు. జైలు అన్నవాడిని నమ్మాడు, కాదన్నదాన్ని నమ్మలేదు. కొత్తవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. భయపడ్డ మనిషికి ధైర్యం చెబితే ఎక్కదు. ఎంతవరకు భయపడాలో కొలత చెప్పాలి. కాగితం తీసుకుని ముగ్గురి వాటాలూ విడివిడిగా వేసి చూపించాను. "నీ పని వరకే చూస్తే నువ్వు హద్దు దాటలేదు. మిగతాది నీది కాదని ఆ ఇద్దరూ సంతకం పెడితే ఈ గండం గట్టెక్కొచ్చు. గట్టెక్కుతుందని మాట ఇయ్యలేను, ఆఫీసరు ఒప్పుకోవాలె." చాలాసేపు ఆ కాగితం చూశాడు. ఆ రోజు ఇంటికి పోయి పడుకున్నాడని లచ్చవ్వ ఫోన్ చేసి చెప్పింది.

అయినా ఆ నెలంతా తెల్లారి ఫోన్ మోగితే లచ్చవ్వేనేమోనని ముందు పేరు చూసుకునే ఎత్తేదాన్ని.

పెట్టినా భయం, పెట్టకున్నా భయం

సంతకాల కోసం నేనే సైటుకు పోయాను. తలుపులు బిగించని ఒక ఇంట్లో, సిమెంటు గచ్చు మీద నలుగురం కూర్చున్నాం. నేను చెప్పడం అయిపోగానే యాదగిరి తల అడ్డంగా ఊపాడు.

"సంతకం పెడితే గా కవరు మా ఇంటికొస్తది. పిల్లలుగల్లోణ్ని మేడం."

"కనకయ్యకు లేరా పిల్లలు?"

"కనకన్న పెద్ద మేస్త్రి. తట్టుకుంటడు."

నాకు ఒళ్లు మండింది. నోటికొచ్చినట్టు అనబోయాను. కనకయ్యే ఆపాడు. "వాళ్లనేమనకున్రి మేడం. నాకే ఇంత భయమైతే వాళ్లకు కాదా?"

దావీదు నా వైపు తిరిగాడు. "నిజం చెప్పున్రి. నాకెంత పడ్తది?"

"నీ వాటాకు పన్ను పడదు. గని ప్రశ్న రావొచ్చు. వస్తే నేను జవాబిస్త."

"రాదని చెప్పున్రి మేడం."

"చెప్పలేను దావీదూ."

అతను గచ్చు మీద వేలితో గీతలు గీశాడు. "రాదంటే నమ్మకపోదును. వస్తదంటున్నరు గద, యాడ పెట్టాల్నో చూపియ్యున్రి."

యాదగిరి ఆ రోజు పెట్టలేదు. మేం జవాబు దాఖలు చేయాల్సిన రోజు పొద్దున ఆఫీసు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నిద్ర పడ్తలేదు మేడం. పెట్టినా భయమే, పెట్టకున్నా భయమే. పెట్టే భయపడ్త." నేను నా ఇన్నేళ్ల పనిలో చూసిన ధైర్యమంటే అదే. భయం పోయాక సంతకం పెట్టడం ఎవరైనా చేస్తారు.

జీఎస్టీ ఆఫీసరు ముందు కూర్చున్నప్పుడు నా చీర వీపుకు అతుక్కుపోయింది. ఆయన మంచివాడో కాదో నాకు తెలియదు. బిల్లులు కనకయ్య పేరు మీద ఉన్నాయి, పన్ను అతనే కట్టాలి అంటే ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. చట్టం అలాగే చదవచ్చు. సంతకాలు చూశాడు, సైటు ఇంజనీరు ఇచ్చిన పనుల వివరం చూశాడు, కనకయ్యను ఒకటే అడిగాడు. "ప్లాస్టరింగ్ నువ్వు చేస్తావా?"

"నాకు రాదు సార్" అన్నాడు కనకయ్య. "నేను కర్రల పనోణ్ని."

కొన్నాళ్లకు ఉత్తర్వు వచ్చింది. పన్ను వేయాలన్న ప్రతిపాదన ఉపసంహరించారు. చదివి ముందు నేను ఏడ్చాను, తర్వాత వాళ్లకు ఫోన్ చేశాను.

బయానా

ఇక్కడితో ఆపితే బాగుండేది. కాని పొలానికి బయానా తీసుకుని ఉన్నాడు. మా దిక్కు లెక్క ఏమిటంటే, అమ్మేవాడు వెనక్కి తగ్గితే బయానా రెండింతలు ఇవ్వాలి. కొనేవాడు తగ్గితే బయానా పోతుంది. ఎరువుల దుకాణం ఆయన దగ్గరికి మేమే పోయాం. ఆయన కటువుగా ఏమీ మాట్లాడలేదు. "నేనూ మిత్తికి తెచ్చి పెట్టిన. రెండింతలు ఇయ్యి కనకయ్యా, కాయితం నీ ముందట్నే చింపేస్త" అన్నాడు. రిజిస్ట్రేషన్‌కు స్లాట్ బుక్ అయ్యి ఉంది. ఆలోగా ఇవ్వాలి.

కాంట్రాక్టరు దగ్గర ఆగిన చివరి బిల్లు వస్తే, అందులో కనకయ్య వాటాతోనే రెండింతలు ఇచ్చి ఇంకా మిగులుతుంది. నేనూ కనకయ్యా ఆ ఆఫీసుకు పోయాం. క్యాషియర్ చాయ్ తెప్పించాడు.

"పైనుంచి పడలే మేడం. పడంగనే మొదలు కనకయ్యకే ఏస్త."

"పడకముందే టాక్స్ కోసి కట్టిన్రు గద?"

"కోసింది టైముకు కట్టకుంటే మాకు వడ్డీ పడ్తది మేడం."

"మరి ఈయనకు ఇచ్చేది లేటైతే?"

క్యాషియర్ నవ్వాడు. "దానికి ఎవలకు వడ్డీ పడది."

నేను గొంతు పెంచబోయాను. కనకయ్య నా మోచేతి దగ్గర చీర కొంగు పట్టి లాగాడు, చిన్నపిల్లవాడిలా. ఆ కాంట్రాక్టరుకు ఇంకో కాలనీ పని వస్తోంది. ఇప్పుడు గొడవపడితే అది పోతుంది. అది పోతే కూలీలు చెదిరిపోతారు. చాయ్ తాగి వచ్చేశాం. ఆ తర్వాత రోజూ ఫోన్ చేసేదాన్ని, "రేపు చూద్దాం మేడం" అనేవాడు క్యాషియర్. ఆ బిల్లు చివరికి పూర్తిగానే వచ్చింది. కాని స్లాట్ రోజు దాటిపోయాక వచ్చింది.

కొత్తగా వచ్చే పిల్లలకు ఒకటే చెబుతాను. కవరు మీ దగ్గరికి వచ్చాక మీరు చేసే పని చిన్నది. కవరు రాగానే ఆ మనిషి ఎవరి దగ్గరికి మొదట పోతాడో, అక్కడ అతని బతుకు తేలిపోతుంది. అందుకే మేస్త్రీలతో కవరు లేని రోజుల్లో చాయ్ తాగండి.

స్లాట్ రోజు తహసీల్దార్ ఆఫీసుకు నేనూ పోయాను. అక్కడ నాకు పనేమీ లేదు, ఇంట్లో ఉండలేక పోయాను. కనకయ్య వేలిముద్ర మిషన్ మీద వేలు పెట్టాడు. పడలేదు. సిమెంటుకు అరిగిపోయిన వేళ్లు. బట్టకు తుడిచి మళ్లీ పెట్టాడు, పడలేదు. కంగారుగా అందరి ముఖాలూ చూశాడు, అదేదో తన నేరమన్నట్టు. పడొద్దు, ఎన్నటికీ పడొద్దు అని నేను మనసులో దండం పెట్టుకున్నాను. ఆపరేటర్ ఇంకో వేలు పెట్టమన్నాడు. పడింది.

బయట వరండాలో లచ్చవ్వ గోడకు ఆనుకుని నిలబడింది. కనకయ్య డబ్బు సంచి ఆమె చేతికిచ్చి నా దగ్గరికి వచ్చాడు.

"మేడం, గీ పైసల్ల ఎంత కోస్తరు?"

"ఏం కోయరు కనకయ్యా. ఊళ్లె పొలం అమ్మిన పైసల మీద పన్ను లేదు."

"ఒక్క శాతం గూడ?"

"ఒక్క రూపాయి గూడ."

అతను లచ్చవ్వ వైపు చూశాడు. మళ్లీ నా వైపు తిరిగాడు. కళ్లలో ఆ మొదటి రోజు బెదురే ఉంది. "గట్లయితే కాయితం మీద రాసియ్యున్రి మేడం. రేపు ఎవలన్న వస్తే చూపెడ్త."

అలాంటి కాగితానికి ఏ విలువా ఉండదని చెప్పబోయి ఊరుకున్నాను. నా సంచిలోంచి తెల్లకాగితం తీసి, పొలం అమ్మిన ఈ డబ్బు మీద పన్ను లేదని రాసిచ్చాను. సంతకం పెట్టమన్నాడు, పెట్టాను. పట్టా పాసుపుస్తకం లోపల ఇచ్చేసి వచ్చాడు, దాని ప్లాస్టిక్ కవరు మాత్రం చేతిలో ఉంది. నా కాగితం నాలుగు మడతలు పెట్టి, ఆ ఖాళీ కవరులో పెట్టుకున్నాడు.